కళ్లజోడు తీసేసే లేజరు

విశాఖపట్నం పనిచేసేవాళ్ల ఊరు. 1933లో ఇక్కడ ఓడరేవు తెరిచారు. తర్వాత ఓడలు కట్టే కర్మాగారం వచ్చింది. 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ పనులన్నిటికీ చేతి బలం ఒక్కటే చాలదు. కంటిచూపు కూడా కావాలి. క్రేను నడిపేవాడికి కింద వేలాడే కొక్కెం కనపడాలి. లారీ తోలేవాడికి రాత్రిపూట రోడ్డు కనపడాలి. వెల్డింగు చేసేవాడికి అతుకు కనపడాలి.

సైటు ఉన్నవాళ్లు కళ్లజోడు పెట్టుకుంటారు. కొలిమి దగ్గర చెమటకు కళ్లజోడు జారిపోతుంది. ఆవిరి తగిలితే మసకబారుతుంది. వానలో బండి నడిపితే చుక్కలు పడి దారి కనపడదు. అందుకే ఈ ఊళ్లో చాలామంది యువకులు ఒక మాట అడుగుతుంటారు. “లేజరు చేయించుకుంటే కళ్లజోడు పోతుందట గదా?”

పోతుంది. కానీ అందరికీ కాదు. ఎవరికి పోతుంది, ఎవరికి పోదు? చేయించుకునే ముందు ఏం తెలుసుకోవాలి? చేయించుకున్నాక కంటిని ఎలా కాపాడుకోవాలి? ఇవన్నీ తెలిశాకే ఆపరేషనుకు సరే అనాలి.

సైటు అంటే ఏమిటి?

కన్ను ఫోటోలు తీసే కెమెరా లాంటిది. నల్లగుడ్డు మీద గాజులా తేటగా ఉండే పొర ఒకటి ఉంటుంది. దాన్ని కార్నియా అంటారు. వెలుతురు ముందుగా ఈ పొరలోంచి లోపలికి పోతుంది. కంటిపాప దాటుతుంది. లోపల ఉన్న కటకం గుండా పోయి, కంటి వెనక ఉన్న తెర మీద పడుతుంది. బొమ్మ సరిగ్గా ఆ తెర మీద పడితే చూపు తేటగా ఉంటుంది.

కొందరి కనుగుడ్డు కాస్త పొడుగ్గా ఉంటుంది. అప్పుడు బొమ్మ తెరకు ముందే పడుతుంది. దగ్గరిది కనపడుతుంది, దూరానిది మసకగా ఉంటుంది. బస్సు మీద రాసిన ఊరి పేరు దగ్గరికొచ్చేదాకా తెలియదు. వీరికి మైనసు పవరు అద్దాలు ఇస్తారు. కొందరి కనుగుడ్డు పొట్టిగా ఉంటుంది. వారికి ప్లసు పవరు అద్దాలు కావాలి. మరికొందరికి కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా ఉండదు. అక్షరాల పక్కన నీడలు కనపడతాయి. వారికి సిలిండరు పవరు ఉందని అంటారు.

ఇది జబ్బు కాదు. అందరి పాదం కొలత ఒకటి కానట్టే, అందరి కంటి కొలతా ఒకటి కాదు. కళ్లజోడు పెట్టుకోవడం తప్పూ కాదు, నామోషీ కాదు.

చత్వారం వేరు

నలభై ఏళ్లు దాటితే దగ్గరి అక్షరాలు మసకబారతాయి. పుస్తకాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటారు. సూదిలో దారం ఎక్కదు. దీన్ని చత్వారం అంటారు. కంటి లోపలి కటకం వయసుతో గట్టిపడటం వల్ల ఇది వస్తుంది.

రాత్రి బడికి వచ్చిన పెద్దవాళ్లు కొందరు “నాకు చదువు రాదు, అక్షరాలు అలుక్కుపోతున్నాయి” అని మానేస్తారు. చాలాసార్లు లోపం బుర్రలో లేదు, చత్వారంలో ఉంది. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుంటే అక్షరం నిలబడుతుంది. దానికి లేజరు అక్కరలేదు.

ఇంకో మాట గుర్తుంచుకోవాలి. పాతికేళ్ల వయసులో లేజరు చేయించుకుని కళ్లజోడు తీసేసినా, నలభై దాటాక చత్వారం వస్తుంది. చదవడానికి అద్దాలు కావాలి. అప్పుడు లేజరు పాడైపోయిందని కంగారు పడకూడదు.

పేరు ఒకటే, పనులు వేరు

“మా మామకు కంట్లో లేజరు పెట్టారు, చూపు రాలేదు” అని ఒకరు చెబుతారు. “మా అమ్మాయికి లేజరు చేస్తే మర్నాడే కళ్లజోడు తీసేసింది” అని ఇంకొకరు చెబుతారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. లేజరు అనేది ఒక రకం వెలుతురు. కంటిలో దానితో ఎన్నో పనులు చేస్తారు.

చక్కెర జబ్బువల్ల కంటి తెర మీద రక్తనాళాలు చెడిపోతాయి. అక్కడ లేజరు చేసేది ఉన్న చూపును నిలబెట్టడానికి. పోయిన చూపు తేవడానికి కాదు. నీటికాసులు ఉన్న కొందరికి కంటి లోపలి ఒత్తిడి తగ్గించడానికి లేజరు చేస్తారు. శుక్లాల ఆపరేషను అయిన కొందరికి కొన్నాళ్లకు మళ్లీ మసక వస్తుంది. కొత్తగా పెట్టిన కటకం వెనక పొర మబ్బు పట్టడం వల్ల అలా అవుతుంది. దాన్ని కొద్ది నిమిషాల్లో లేజరుతో సరిచేస్తారు. కళ్లజోడు తీసేసే లేజరు వీటన్నిటికంటే వేరు. దానికి లాసిక్ అని పేరు. అందుకే ఎవరైనా లేజరు అంటే, “ఏ లేజరు? దేనికి?” అని ముందు అడగాలి.

ఇది ఎలా పుట్టింది?

రంగస్వామి శ్రీనివాసన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకున్న శాస్త్రవేత్త. అమెరికా వెళ్లి ఐబీఎం కంపెనీ పరిశోధనశాలలో పనిచేశారు. అక్కడ ఒక రకం లేజరు మీద పరిశోధన చేస్తుండేవారు. 1981లో అక్కడి పండగ మర్నాడు, ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ఎముకను పరిశోధనశాలకు తెచ్చారు. దాని మీద లేజరు వేసి చూశారు. చుట్టుపక్కల ఏమీ కాలలేదు, కమలలేదు. పడిన చోట మాత్రం గీత గీసినట్టు తెగింది.

ఈ లేజరు కంటికి పనికొస్తుందని తర్వాత కంటి డాక్టర్లు గ్రహించారు. పెన్సిలు ముక్కును చెక్కినట్టు కార్నియాను కొద్దిగా చెక్కవచ్చు. దాని వంపు మారుతుంది. వంపు మారితే బొమ్మ సరిగ్గా తెర మీద పడుతుంది. కళ్లజోడు చేసే పనిని కార్నియాయే చేస్తుంది. శ్రీనివాసన్‌కూ, ఆయనతో పనిచేసిన ఇద్దరికీ 2013లో అమెరికా అధ్యక్షుడు ఒబామా జాతీయ పతకం ఇచ్చారు.

ఎవరికి తగును? ఎవరికి తగదు?

చెక్కిన కార్నియా మళ్లీ పెరగదు. అందుకని చెక్కకముందే అన్నీ చూసుకోవాలి.

పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఇది చేయరు. ఆ వయసులో సైటు ఇంకా మారుతుంటుంది. పద్దెనిమిది నిండినా, కనీసం ఒక ఏడాదిగా పవరు మారకుండా నిలిచి ఉండాలి. పాత కళ్లజోడు చీటీలు దాచుకుంటే ఇక్కడ పనికొస్తాయి.

గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ అప్పుడు చేయరు. ఆ రోజుల్లో పవరు మారవచ్చు. చక్కెర జబ్బు అదుపులో లేనివారికి పుండు త్వరగా మానదు. కీళ్లవాతం లాంటి కొన్ని జబ్బులు ఉన్నవారికీ, కళ్లు బాగా పొడిబారినవారికీ ఇది తగకపోవచ్చు. డాక్టరు అడిగినప్పుడు ఏ జబ్బూ దాచకూడదు. వాడే మందులన్నీ చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యం కార్నియా మందం. అది సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. ఒక పాయింటు పవరు తీయాలంటే కొంత పొర చెక్కాలి. పవరు ఎక్కువైతే ఎక్కువ చెక్కాలి. చెక్కగా మిగిలిన పొర కంటిని మోయగలిగేంత మందంగా ఉండాలి. కొందరికి కార్నియా పుట్టుకతోనే పలచగా ఉంటుంది. కొందరికి అది రోజురోజుకూ పలచబడి, మధ్యలో ముందుకు పొడుచుకు వస్తుంది. అలాంటి కంటిని చెక్కితే ఉన్న చూపు కూడా చెడుతుంది. కళ్లు ఎప్పుడూ నులుముకునే అలవాటు ఉన్నవారు ఈ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇవన్నీ తెలియాలంటే పరీక్షలు చేయాలి. కార్నియా వంపును, మందాన్ని యంత్రంతో కొలుస్తారు. కన్నీరు చాలినంత ఊరుతోందా అని చూస్తారు. చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేసి, లోపలి తెరను చూస్తారు. ఆ రోజు కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. బండి నడపకూడదు. తోడుగా ఒకరిని తీసుకెళ్లాలి. కంటిలో లెన్సులు పెట్టుకునే అలవాటు ఉంటే పరీక్షకు ముందే మానేయాలి. ఎన్నాళ్ల ముందు మానాలో ఆసుపత్రివాళ్లే చెబుతారు.

పరీక్ష చేసిన డాక్టరు “మీకు ఇది పనికిరాదు” అంటే బాధపడకూడదు. వద్దని చెప్పిన డాక్టరు కంటిని కాపాడినట్టే. ఇంకెక్కడైనా చేస్తారేమో అని వెతుక్కుంటూ పోకూడదు. అనుమానం ఉంటే మరో పెద్ద ఆసుపత్రిలో సలహా అడగవచ్చు. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. వేపగుంటలో శంకర్ ఫౌండేషన్ ఆసుపత్రి ఉంది. హనుమంతవాక దగ్గర 2006 నుంచి ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి నడుస్తోంది. లాసిక్ కుదరనివారికి కళ్లజోడు ఎలాగూ ఉంది. కొందరికి కంటి లోపల అమర్చే కటకం కూడా పనికిరావచ్చు.

డబ్బు, ఉద్యోగం, సంతకం

చాలామంది యువకులు లేజరు వైపు చూసేది ఉద్యోగం కోసం. గాజువాకలోనో మల్కాపురంలోనో ఇలాంటి మాటలు వినపడతాయి.

“అమ్మా, లేజరు సేయించుకుంతే రైలింజను నడిపే ఉద్యోగం వస్తాది. నీ గొలుసు కుదవ పెడదామే.”

“గొలుసు సంగతి తరవాత. ముందల ఆ కాగితం సదువు నాయనా. లేజరు సేయించుకున్నోలని తీసుకుంతారో నేదో అందులో రాసుంటాది గదా.”

ఆ తల్లి అడిగింది సరైన ప్రశ్న. రైలింజను నడిపే ఉద్యోగానికి లాసిక్ చేయించుకున్నవారు అర్హులు కారని రైల్వే ప్రకటనల్లోనే రాస్తారు. చదవకుండా ఆపరేషను చేయించుకుంటే గొలుసూ పోతుంది, ఉద్యోగమూ రాదు. కొన్ని ఉద్యోగాలకు లాసిక్‌ను ఒప్పుకుంటారు. కానీ ఇంత వయసు దాటాలి, ఆపరేషను అయి ఇన్నాళ్లు గడవాలి అని షరతులు ఉంటాయి. ఏ ఉద్యోగానికి ఏ నియమమో ఆ ఏటి ప్రకటనలోనే చూడాలి. దళారీ చెప్పిన మాట నమ్మకూడదు.

డబ్బు మాట కూడా ముందే తేల్చుకోవాలి. చెప్పిన ధర ఒక కంటికా, రెండు కళ్లకా? పరీక్షలూ, మందులూ అందులో కలిసి ఉన్నాయా? తర్వాత చూపించుకోవడానికి వస్తే మళ్లీ డబ్బు కట్టాలా? కొద్ది పవరు మిగిలితే మళ్లీ చేస్తారా? ఆరోగ్య బీమా ఉన్నవారు ఒక సంగతి తెలుసుకోవాలి. పవరు 7.5 కంటే తక్కువ ఉంటే, దాన్ని సరిచేసే వైద్యానికి మామూలు ఆరోగ్య బీమాలో డబ్బు రాదు.

ఆపరేషనుకు ముందు ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. అందులో మంచీ చెడూ రెండూ రాసి ఉంటాయి. అది తెలుగులో కావాలని అడగాలి. మెల్లగా చదవాలి. అర్థంకాని మాట దగ్గర ఆగి అడగాలి. వేలిముద్ర వేసే రోజుల్లో ఎవరు ఏం రాసినా తెలిసేది కాదు. అక్షరం నేర్చుకున్నది ఇలాంటి కాగితం చదవడానికే.

ఆపరేషను రోజు

ఆ రోజు కాటుక, పౌడరు, అత్తరు పెట్టుకోకూడదు. తలస్నానం చేసి శుభ్రంగా వెళ్లాలి. కంటికి ఇంజక్షను ఉండదు. చుక్కల మందుతోనే మొద్దుబారుతుంది. రెప్ప మూతపడకుండా చిన్న పట్టీ పెడతారు. పైన మినుకుమనే దీపం వైపు చూస్తూ ఉండమంటారు.

డాక్టరు కార్నియా పైపొరను పుస్తకం అట్టలాగా ఒక పక్కకు తెరుస్తారు. కింది పొర మీద లేజరు పడుతుంది. అది చాలామందికి ఒక నిమిషం కూడా పట్టదు. కాలిన వాసన లాంటిది వస్తుంది. భయపడకూడదు. తర్వాత పైపొరను మళ్లీ మూస్తారు. కుట్లు ఉండవు. రెండు కళ్లూ కలిపి సుమారు అరగంటలో అయిపోతుంది. ఆ రోజే ఇంటికి పంపేస్తారు.

ఇంకో పద్ధతిలో పైపొరను తెరవరు. కార్నియా మీది పలచని చర్మాన్ని తీసేసి లేజరు వేస్తారు. దాన్ని పీఆర్‌కే అంటారు. నొప్పి మూడు నాలుగు రోజులు ఉంటుంది, చూపు తేరుకోవడం ఆలస్యం అవుతుంది. కానీ తెరిచిన పొర ఉండదు కాబట్టి, దెబ్బ తగిలితే అది కదులుతుందనే భయం ఉండదు. కంటికి దెబ్బ తగిలే పనిలో ఉన్నవారు తమ పని ఏమిటో డాక్టరుకు వివరంగా చెప్పాలి. పనిని బట్టి పద్ధతిని ఎంచుకోవచ్చు.

తర్వాత కంటిని కాపాడుకోవడం

ఆపరేషనులో డాక్టరు పని కొద్ది నిమిషాలే. మిగిలిన పని ఇంటివాళ్లదీ, చేయించుకున్నవారిదీ.

మొదటి సాయంత్రం కళ్లు మండుతాయి. నీళ్లు కారతాయి. ఇసుక పడినట్టు ఉంటుంది. కళ్లు మూసుకుని పడుకోవడమే మందు. నిద్రలో చెయ్యి తగలకుండా కంటి మీద పెట్టిన మూతను తీయకూడదు. మర్నాడు తప్పకుండా ఆసుపత్రికి వెళ్లాలి. లాసిక్ చేయించుకున్న చాలామందికి మర్నాటికే చూపు తేటపడుతుంది. అంతా నయమైపోయిందని అప్పుడే అనుకోకూడదు. చూపు వచ్చింది కానీ పుండు మానలేదు.

కంటిని నులమకూడదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. దురద వేసినా, దుమ్ము పడినా నులమకూడదు. నులిమితే పైపొర జరిగిపోతుంది. చంటిపిల్లలను ఎత్తుకునేటప్పుడు వాళ్ల చెయ్యి కంట్లో పడకుండా చూసుకోవాలి.

చుక్కల మందు చెప్పిన వేళకు వేయాలి. వేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సీసా మూతి కంటికి తగలకూడదు. ఏ సీసా ఎన్నిసార్లు వేయాలో కాగితం మీద రాసుకుని గోడకు అంటించుకోవాలి. చుక్కల మందుల్లో స్టెరాయిడు రకం ఒకటి ఉంటుంది. దాన్ని చెప్పిన రోజులకు మించి వేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, నీటికాసులు రావచ్చు. బాగుందని సొంతంగా మళ్లీ కొని వేసుకోకూడదు.

కంట్లో కుళాయి నీళ్లు పడనీయకూడదు. తలస్నానం ఎప్పుడు చేయాలో డాక్టరును అడగాలి. అంతవరకు మెడ కింది నుంచి స్నానం చేయాలి, ముఖం తడిగుడ్డతో తుడుచుకోవాలి. సముద్ర స్నానం, ఈత కొన్ని వారాలు మానాలి. కాటుకా, కంటి దగ్గర పసుపూ కొన్నాళ్లు వద్దు. పొయ్యి పొగ తగలకూడదు. దీపావళి దగ్గరలో ఉంటే టపాకాయలకు దూరంగా ఉండాలి.

బల్ల దగ్గర కూర్చుని చేసే పనికి రెండు మూడు రోజుల్లో వెళ్లవచ్చు. బొగ్గు దుమ్ము లేచే రేవులోనూ, వేడి కొట్టే కొలిమి దగ్గరా, వెల్డింగు దగ్గరా అలా కాదు. డాక్టరు చెప్పేదాకా వెళ్లకూడదు. ఎన్ని రోజులు సెలవు కావాలో ముందే అడిగి చీటీ రాయించుకోవాలి. రోజు కూలీవాళ్లు ఆ రోజుల తిండి ఖర్చు కూడా ఆపరేషను ఖర్చులో కలిపి లెక్క వేసుకోవాలి. ఆ లెక్క వేసుకోకపోతే మూడో రోజే దుమ్ములోకి పోవలసి వస్తుంది.

కొన్ని నెలలపాటు కళ్లు పొడిబారినట్టు ఉండవచ్చు. కన్నీరు లాంటి చుక్కల మందు ఇస్తారు. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనపడవచ్చు. చాలామందికి నెమ్మదిగా తగ్గుతుంది. కొందరికి కొంత మిగులుతుంది. రాత్రి లారీ నడిపేవారు ఈ మాట ముందే ఆలోచించుకోవాలి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, కన్ను బాగా ఎర్రబడినా, పుసి పడుతున్నా, వచ్చిన చూపు తగ్గినా, కంటికి దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రి అయినా ఆగకూడదు. తల్లిపాలు, తేనె, ఆముదం, ఆకు పసరు కంట్లో వేయకూడదు. మామూలు కంటికే అవి చెరుపు. పుండు మానని కంటికి మరీ ప్రమాదం.

కళ్లజోడు పోయాక

కళ్లజోడు ఉన్నన్నాళ్లూ ఎగిరివచ్చే రవ్వకు ఎంతో కొంత అడ్డం ఉండేది. ఇప్పుడు అదీ లేదు. కాబట్టి గ్రైండింగు, వెల్డింగు చేసేవారు రక్షణ అద్దాలు తప్పకుండా పెట్టుకోవాలి. సైటు కళ్లజోడు పోవచ్చు, పని అద్దాలు పోకూడదు.

మైనసు పవరు ఎక్కువగా ఉన్నవారి కంటి తెర బలహీనంగా ఉండవచ్చు. లేజరు దాన్ని మార్చదు. మెరుపులు మెరిసినట్టు, నల్ల చుక్కలు తేలినట్టు కనపడితే వెంటనే చూపించుకోవాలి.

ఆపరేషనుకు ముందు కొలిచిన పవరు, కార్నియా మందం రాసిన కాగితాలు భూమి పట్టా దాచినట్టు దాచాలి. ముసలితనంలో శుక్లాల ఆపరేషను చేసేటప్పుడు కటకం కొలత లెక్కకట్టడానికి అవి కావాలి. ఏ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా “నాకు లేజరు అయింది” అని చెప్పాలి.

గుర్తుంచుకోండి

సైటు జబ్బు కాదు. తొందర లేదు.
ముందు పరీక్ష, తర్వాత నిర్ణయం.
ఉద్యోగం కోసమైతే ప్రకటన చదవాలి.
చదివిన కాగితం మీదే సంతకం చేయాలి.
కంటిని నులమకూడదు.
కాగితాలు దాచుకోవాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ వాడలో చత్వారం వల్ల చదువు మానేసినవారు ఉన్నారా? వారికి ఏం చెబుతారు?
2. గొలుసు కుదవ పెట్టకుండా ఆ తల్లి ఏం అడిగింది? ఎందుకు?
3. మీరు చేసే పనిలో కంటికి ఏ ప్రమాదాలు ఉన్నాయి? రక్షణ అద్దాలు పెట్టుకుంటున్నారా?